అమెరికా రెసిడెన్సీకి జె-1 వీసా ఎలా తెచ్చుకోవాలి?

అమెరికా ఆసుపత్రుల్లో వైద్యులు పొందే స్పెషాలిటీ శిక్షణే రెసిడెన్సీ. ఎవరికి ఏ ఆసుపత్రిలో సీటో తేల్చే మ్యాచ్ ఫలితాలు మార్చి మూడో శుక్రవారం వస్తాయి, చాలా రెసిడెన్సీలు జూలై 1న మొదలవుతాయి, ఓరియెంటేషన్ జూన్‌లోనే పెడతారు. అంటే వీసా పనంతటికీ చేతిలో ఉండేది మూడు నెలల లోపే. ఇక్కడ ఎంబీబీఎస్ చదివి అమెరికాలో క్లినికల్ శిక్షణకు వెళ్లే వైద్యులకు జె-1 (శిక్షణ, మార్పిడి కార్యక్రమాలకు ఇచ్చే వీసా) స్పాన్సర్, విదేశాల్లో చదివిన వైద్యుల అర్హతలను ధ్రువీకరించే అమెరికా సంస్థ ఈసీఎఫ్‌ఎంజీ ఒక్కటే. ఆసుపత్రే స్పాన్సర్ చేస్తుందని చెప్పే కన్సల్టెన్సీకి ఈ వీసా సంగతి తెలియదని అక్కడే తేల్చుకోవచ్చు.

ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్, సంతకాలైన కాంట్రాక్టు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు ముందుగా సిద్ధం చేసుకోవాలి. ఆసుపత్రిలో ఈ వ్యవహారం చూసే ఉద్యోగి ఈసీఎఫ్‌ఎంజీ దగ్గర దరఖాస్తు తెరిచాక మన వంతు వివరాలు నింపాలి. ఇంతవరకు ఎవరూ తడబడరు.

అసలు పేచీ అంతా స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ దగ్గర వస్తుంది. ఢిల్లీలోని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇచ్చే ఈ పత్రంలో ఏం రాయాలో అమెరికా ఫెడరల్ నిబంధనలే నిర్దేశించాయి: ఫలానా స్పెషాలిటీలో మా దేశానికి వైద్యుల అవసరం ఉంది, శిక్షణ ముగియగానే తిరిగి వస్తానని ఈ వైద్యుడు ప్రభుత్వానికి రాతపూర్వకంగా హామీ ఇచ్చాడు అని అందులో ఉంటుంది. ఆ వాక్యాల్లో మనం ఇచ్చే వివరాలు రెండే, పేరు, స్పెషాలిటీ. దరఖాస్తులు చెడేది కూడా సరిగ్గా ఆ రెండు చోట్లే.

స్పెషాలిటీ పేరును కాంట్రాక్టులో ఉన్నది ఉన్నట్టు, అక్షరం మారకుండా ఎక్కించాలి. మన కాలేజీల్లో జనరల్ మెడిసిన్ అనే విభాగం అక్కడ ఇంటర్నల్ మెడిసిన్. అలవాటు కొద్దీ ఇక్కడి పేరు రాస్తే పత్రానికీ కాంట్రాక్టుకూ పొంతన కుదరదు. రెసిడెన్సీ తర్వాత ఫెలోషిప్‌కు, అంటే సూపర్ స్పెషాలిటీ శిక్షణకు వెళ్లేటప్పుడు కొత్త స్టేట్‌మెంట్ తెచ్చుకోవాలి, అప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. మనం కార్డియాలజీ అనేదాన్ని అక్కడి కాంట్రాక్టు కార్డియోవాస్క్యులర్ డిసీజ్ అనవచ్చు.

పేరు విషయంలో తెలుగువారి ఇబ్బంది వేరు. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా ఇంటిపేరు ఒక్క ఇనీషియల్‌గా నిలిచిపోతుంది, పాస్‌పోర్టులో మాత్రం పూర్తిగా విచ్చుకుంటుంది. కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, అలాంటివారి వీసాలో అసలు పేరు కాస్తా ఇంటిపేరు స్థానానికి జరిగి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఈ దిద్దుబాట్లు మ్యాచ్‌కు ముందే ముగించి, స్టేట్‌మెంట్‌లో పాస్‌పోర్టులోని పేరునే వాడాలి. పాస్‌పోర్టు, కాంట్రాక్టు రెండూ ఎదురుగా పెట్టుకుని ఎవరి దరఖాస్తు వారే నింపుకోవాలి; డబ్బు తీసుకుని నింపిపెట్టేవారికి ఇంటర్నల్ మెడిసిన్‌కూ జనరల్ మెడిసిన్‌కూ తేడా పట్టదు.

తిరిగి వస్తానన్న హామీని లాంఛనంగా కొట్టిపారేయకూడదు. క్లినికల్ శిక్షణకు జె-1 మీద వెళ్లిన ప్రతి వైద్యుడికీ శిక్షణ తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలనే నిబంధన వర్తిస్తుంది. మన ప్రభుత్వం ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రంతో తప్పించుకోవచ్చని ఇప్పటికీ చెప్పేవారున్నారు గానీ, క్లినికల్ శిక్షణకు వెళ్లిన వైద్యులకు ఆ దారిని అమెరికా చట్టమే మూసేసింది. సాధారణంగా మిగిలే దారి కాన్రాడ్ వేవర్ అనే మినహాయింపు. దాని కింద ఏటా ఒక్కో అమెరికా రాష్ట్రంలో 30 మందికి అవకాశం ఉంటుంది, వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. ఇదంతా ఎందుకు, ఉద్యోగ వీసా హెచ్-1బీకి పోతే సరిపోదా అనేవారు ముందు అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల్లో చివరిదైన స్టెప్ 3 పాసయి ఉండాలి, ఆపైన ఆ వీసా ఇచ్చే ఆసుపత్రి దొరకాలి. ఆ ఆసుపత్రుల కోసం, మ్యాచ్‌కు మన ఇష్టాల వరుసలో ఇచ్చే ర్యాంకు జాబితాను కుదించుకోవడం కన్నా జె-1 మేలు.

మిగతాది తేలిక. స్పాన్సర్ ఇచ్చే అర్హత పత్రం డీఎస్-2019 చేతికి రాగానే 220 డాలర్ల సెవిస్ రుసుము (విదేశీ విద్యార్థులు, శిక్షణార్థుల రికార్డు వ్యవస్థకు కట్టేది) కట్టి, వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపి, వేలిముద్రలు ఇచ్చి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు హాజరు కావాలి. 2025 జూన్ నుంచి జె వీసా కోరేవారు తమ సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా ఉంచాలి, ఆ పని ఇంటర్వ్యూకు ముందే చేయాలి. డీఎస్-2019లోని ప్రారంభ తేదీకి 30 రోజుల కన్నా ముందు అమెరికాలో దిగనివ్వరు గనుక టికెట్ ఆ లెక్కన కొనాలి. స్పాన్సర్‌షిప్‌ను ఏటా పొడిగించుకోవాలి, మొత్తం శిక్షణకు సాధారణ గరిష్ఠ పరిమితి ఏడేళ్లు.