సినిమా పాత్రను చదవడం – 4వ పాఠం: తప్పు చేస్తే ఏమవుతుంది?

పోయిన పాఠంలో పాత్ర ఉండే ఇల్లు, కట్టుకునే బట్టలు చూశాం. అవి వర్గాన్ని, అంటే డబ్బూ హోదాల్లో ఆ మనిషి ఎక్కడున్నాడో చెబుతాయి గానీ పైపైనే. పేదవాడికి చిరిగిన చొక్కా తొడగడం ఏ దర్శకుడికైనా చేతనవుతుంది. ఈసారి ఒక ప్రశ్న పట్టుకుందాం: ఈ మనిషి ఒక్క తప్పు చేస్తే, ఒక్క వస్తువు పోగొట్టుకుంటే, తర్వాత ఏమవుతుంది?

ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ చూడండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోమ్ నగరం, ఎటు చూసినా నిరుద్యోగం. ఆంటోనియోకి గోడలకు పోస్టర్లు అంటించే పని దొరికింది, అదీ సైకిల్ ఉంటేనే. సైకిలేమో తాకట్టులో ఉంది. దాన్ని విడిపించడానికి భార్య మరియా మంచం మీది దుప్పట్లు లాగి మూట కడుతుంది. తాకట్టు కొట్లో గుమాస్తా ఆ మూట పట్టుకుని అరల మీదుగా పైకి ఎక్కుతూ పోతాడు. పైదాకా అన్నీ అలాంటి మూటలే. దుప్పట్లు లాగడంలో మరియా స్వభావం తెలుస్తుంది. ఆ అరలు ఊరి రాజకీయం చెబుతాయి. ఉపన్యాసం ఒక్కటీ లేదు. నాకు ఈ సీన్ ఎన్నిసార్లు చూసినా గొంతు పట్టేస్తుంది.

సైకిల్ పోయాక పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, ఫిర్యాదు రాసుకుని నువ్వే వెతుక్కోమంటారు. అధికారికి అది వట్టి సైకిల్, ఆంటోనియోకి జీతం. రాజ్యం, అంటే ప్రభుత్వ యంత్రాంగం, పాత్ర జీవితంలోకి వచ్చేది ఇక్కడే: ఎవరి నష్టాన్ని నష్టంగా లెక్కపెడుతుందన్న దగ్గర. చివరికి ఆంటోనియో తనే ఇంకొకరి సైకిల్ ఎత్తుకుపోబోయి, కొడుకు కళ్ల ముందే దొరికిపోతాడు. అతని గుణం మారలేదు, దారులు మూసుకుపోయాయి.

అలాగని వర్గమే అన్నీ నడిపిస్తుందని రాసేయకండి, కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. ఆంటోనియో కొడుకుని చెంపదెబ్బ కొడతాడు, తర్వాత స్థోమతకు మించి హోటల్లో తినిపిస్తాడు. ఆ కోపం, ఆ పశ్చాత్తాపం అతనివే.

అభ్యాసం: మీకు బాగా తెలిసిన సినిమాలో ఒక పేద పాత్ర తప్పు చేసిన సీన్ తీసుకోండి. అదే తప్పు డబ్బున్న పాత్ర చేసినట్టు పది వాక్యాల్లో తిరగరాయండి. డబ్బు ఎవరు కట్టారు, క్షమాపణ ఎవరు చెప్పారు, పోలీసు ఎవరిని ‘మీరు’ అన్నాడు, ఎవరిని ‘నువ్వు’ అన్నాడు అన్నవి విడిగా రాసుకోండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, 5వ పాఠం దానితోనే మొదలవుతుంది.