బాల్కనీలో పిచ్చుకల గింజలు పావురాల పాలు కాకుండా చూడడం ఎలా?

చెన్నైలో అపార్ట్‌మెంటు బాల్కనీలో పిచ్చుకల కోసం గింజలు పెట్టేవారు చాలామంది ఒకే మాట చెబుతారు: పిచ్చుకలకన్నా ముందు పావురాలు వాలిపోతాయి. మా ఇంట్లోనూ అదే జరిగింది. పిట్టగోడ మీద పెట్టిన స్టీలు పళ్లెంలో ఒక పావురం రెండు కాళ్లూ పెట్టి నిలబడి, పక్కకు వచ్చిన మరో పావురాన్ని రెక్కతో కొట్టి తోసేస్తుంటే, దండెం మీద కూర్చున్న రెండు పిచ్చుకలు చూసి చూసి ఎగిరిపోయేవి. ముప్పై గ్రాములైనా తూగని పిచ్చుక మూడు వందల గ్రాముల పావురాన్ని తోసుకుని తినలేదు. మనం చప్పట్లు కొట్టి తోలితే ముందు బెదిరేది పిచ్చుకే. పావురం కాసేపటికే తిరిగి వస్తుంది. అందుకే తోలడం మాని, గింజ పెట్టే తీరు మార్చాలి.

మొదట ఆ పళ్లెం తీసేసి, వారం పది రోజులు ఏమీ పెట్టకండి. కింద రాలిన గింజలు కూడా మిగలకూడదు. ఎండిన పావురాల రెట్టను పొడిగా ఊడిస్తే లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక, మాస్కు పెట్టుకుని, నీళ్లు చల్లి బాగా నానిన తరువాతే కడగండి.

తరువాత వరికుచ్చు కట్టండి. పావురం చదునైన చోట నిలబడి ఏరుకుతినే పక్షి. గాలికి ఊగే కంకిని పట్టుకుని వేలాడడం దానికి చేతకాదు. పిచ్చుకకూ, జీనువాయి (మునియా) పిట్టకూ అది సులువు. మన ఊళ్లలో వసారా దూలానికీ, గుడి మండపానికీ వరికంకులు కట్టే ఆచారం ఇందుకు సరిగ్గా సరిపోతుంది. కోతల కాలంలో నెల్లూరు వైపు వెళ్లినప్పుడు రెండు మూడు గుప్పెళ్ల కంకులు తెచ్చుకుని, కాడలు పైకి, గింజలు కిందికి ఉండేలా పురికొసతో బిగించి, పైకప్పు కొక్కేనికి వేలాడదీయండి. పిట్టగోడకూ, ఏసీ పెట్టెకూ, కుండీ అంచుకూ కనీసం రెండడుగుల దూరం ఉండాలి. లేకపోతే పావురం అక్కడే నిలబడి మెడ సాచి అందుకుంటుంది. మేము కట్టిన కుచ్చు జోలికి మొదట ఏ పిట్టా రాలేదు. పన్నెండో రోజు ఉదయం ఒక మగపిచ్చుక తలకిందులుగా వేలాడి, వడ్లగింజను ముక్కుతో అటూ ఇటూ తిప్పి, పొట్టు రాల్చి తినడం తలుపు చాటు నుంచి చూశాను. ఆ ఓపిక పట్టడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం.

కంకులు దొరకనివారు గింజల గిన్నె చుట్టూ ఇనుప జాలీ అమర్చుకోవచ్చు. జాలీ కన్ను ఒకటిన్నర అంగుళం ఉంటే పిచ్చుక లోపలికి దూరుతుంది, పావురమూ కాకీ దూరలేవు. గిన్నెకూ జాలీకీ మధ్య అన్ని వైపులా ఐదారు అంగుళాల ఖాళీ వదలాలి, ఎందుకంటే రామచిలుక బయటి నుంచే ముక్కు పెట్టి లాగుతుంది. తీగ మొనలు బయటికి పొడుచుకుని ఉండకుండా మడిచెయ్యండి. లోపల సజ్జలు, కొర్రలు, నూకలు చాలు. గంటలో అయిపోయేంత మాత్రమే, రోజూ ఒకే వేళకు పెట్టండి.

కాకి సంగతి వేరు. అన్నం, చపాతీ ముక్కలు గింజల దగ్గర పెడితే కాకులు తప్పకుండా వస్తాయి. భోజనానికి ముందు కాకికి ముద్ద పెట్టే ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. ఆ అలవాటు మానుకోవలసిన పని లేదు, ముద్దను మేడ మీద మరో మూల పెడితే సరిపోతుంది. జిగురు పూతలు, విషపు గింజలు మాత్రం ఎన్నడూ వాడకండి; వాటికి పిచ్చుకలూ బలవుతాయి. వదులుగా కట్టిన నైలాను వలలో కాళ్లు చిక్కుకుని పక్షులు చనిపోతాయి కనుక, వల కట్టక తప్పకపోతే బిగుతుగా లాగి కట్టించండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానల్లో కుచ్చు తడిస్తే గింజకు బూజు పడుతుంది. తడిసినదాన్ని ఆరబెట్టి మళ్లీ కట్టవద్దు, పారేసి కొత్తది కట్టండి. మే నెల ఎండల్లో గింజకన్నా నీళ్లే ముఖ్యం: అంగుళం లోతు మించని మట్టి మూకుడులో రోజూ నీళ్లు మార్చి, ఆ జాలీ లోపలే ఉంచండి.