పాత ఆసిలోస్కోపులో గీత వణుకు పోగొట్టిన విధం

అమలాపురంలో బాగుచేసిన 20 మెగాహెర్ట్జ్ ఆసిలోస్కోపు (వోల్టేజి మార్పుల్ని తెర మీద గీతగా చూపే పరికరం) ఇది. కొలిచే తీగ (ప్రోబు) తగిలించకపోయినా గీత అలలు వేస్తోంది. గీతని మెయిన్స్ కరెంటు లయకి కట్టే లైన్ ట్రిగ్గర్‌లో పెడితే అల కదలకుండా నిలబడింది, అంటే మూలం కరెంటు సప్లైలోనే. ఒక్కో అల 10 మిల్లీసెకన్లు, అంటే 100 హెర్ట్జ్. మన 50 హెర్ట్జ్ కరెంటు బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) దాటాక 100 హెర్ట్జ్ అలలవుతుంది, కాబట్టి ఆ అలల్ని చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్ మీదే అనుమానం. 50 హెర్ట్జ్ అయితే ముందు డయోడ్లు చూడాలి.

ప్లగ్గు పీకి, మిగిలిన చార్జి దిగేలా 1 కిలోఓమ్ 5 వాట్ల రెసిస్టర్‌ను కెపాసిటర్ కాళ్లకి 15 సెకన్లు ఆనించి, మీటర్లో సున్నా చూశాకే చెయ్యి పెట్టాను. పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులు నిలిచి ఉంటాయి, అటు అసలు వెళ్లకండి. కొలిస్తే 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 900కి పడిపోయింది. లోపలి ద్రవం ఎండితే ఇంతే. అదే విలువలో 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునేది వేశాను, వోల్టేజి రేటింగు తగ్గకుండా. పోలారిటీ (ప్లస్, మైనస్ కాళ్లు) తిరగబడితే పేలొచ్చు. షార్టు ఉంటే కరెంటు అదుపులో ఉండేలా, మొదటి ఆన్ 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లోనే. బల్బు ఒక్కసారి వెలిగి మందగించింది, షార్టు లేదు. గీత తిన్నగా నిలిచింది.

కోనసీమ తేమకి వోల్ట్స్ స్విచ్చి (గీత ఎత్తు మార్చేది) లోపలి వెండి కాంటాక్టులు త్వరగా నల్లబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో తడిపిన కాగితం ముక్క దూర్చి మెల్లగా లాగాలి. గరుకు కాగితం పెడితే వెండి పూత లేచిపోతుంది. తేమ ఆరేలా, వానాకాలంలో వారానికోసారి స్కోపుని అరగంట ఆన్ చేసి ఉంచండి.