గుండె పాఠానికి ఐదు నిమిషాల నాటకం
రక్త ప్రసరణ పాఠానికి బోర్డు మీద బొమ్మతో సరిపెట్టకండి. నేల మీద సుద్దముక్కతో నాలుగు గదులు గీసి, పక్కన ఊపిరితిత్తులకో బెంచీ వేయండి. నలుగురు పిల్లలు ఎర్ర రక్తకణాలు, చేతిలో నీలం అట్టముక్కలు (నీలం అంటే ఆక్సిజన్ తక్కువున్న రక్తం, ఎరుపంటే ఆక్సిజన్ నిండిన రక్తం). కుడి కర్ణిక (పై గది), కుడి జఠరిక (కింది గది) దాటి బెంచీ దగ్గర ఎర్ర అట్ట పుచ్చుకుని ఎడమ కర్ణికలోకి రావాలి. కవాటం వేషం మాత్రం క్లాసులో అల్లరివాడికే ఇవ్వండి. వెనక్కి వచ్చేవాళ్లను "దారి లేదు, పో!" అని వాడు అడ్డుకుంటుంటే ఎవరూ మర్చిపోరు. డైలాగులు బట్టీ పట్టించొద్దు, ఆ టెన్షన్‌లో పాఠం పోతుంది. పుపుస ధమని (గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళం) దగ్గర ఆట ఆపి, "ధమనుల్లో మామూలుగా ఎర్ర అట్టే కదా, మరి ఇక్కడ నీలం అట్ట ఎందుకుంది?" అని అడగండి. అన్నట్టు, రక్తం నిజంగా నీలంగా ఉండదని కూడా చెప్పండి, లేకపోతే పరీక్షలో అదే రాస్తారు.