వాక్యాన్ని వాక్యంతో ముడివేయడం ఎలా?

ప్రతి వాక్యమూ వ్యాకరణరీత్యా సవ్యంగానే ఉన్నా పేరా మొత్తం అర్థం కాకపోవడం చాలామంది రాతల్లో కనిపించే లోపం. దీన్ని సరిదిద్దుకోవాలంటే రెండు సంగతులను వేరుచేసి చూడాలి. సర్వనామాలు, 'కాబట్టి', 'అయితే' వంటి మాటలు, మళ్ళీ మళ్ళీ వచ్చే పదాలు పైకి కనిపించే ముడులు. ఇవి కల్పించే కూర్పును సంసక్తి అంటారు. వాక్యాలన్నీ కలిసి ఒకే విషయం చెబుతున్నాయని పాఠకుడికి తోచడం సంబద్ధత. మొదటిది ఉన్నంతమాత్రాన రెండోది రాదు. "మా ఊళ్ళో చెరువుంది. చెరువులో చేపలుంటాయి. చేపలు ఆరోగ్యానికి మంచివి. కాబట్టి ఆసుపత్రి కట్టాలి" అన్నచోట ముడులకు కొదవలేదు, విషయమే లేదు. "వంటయిందా?" "పొద్దుటినుంచి గ్యాసు లేదు" అన్నచోట కలిపే మాట ఒక్కటీ లేకపోయినా సంగతి పూర్తిగా తెలిసిపోతోంది.

అందువల్ల ముందుగా వాక్యాల వరుసను సరిచూసుకోవాలి. వాక్యార్థం తెలియడానికి ఆకాంక్ష, యోగ్యత (మాటల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం), సన్నిధి (మాటలు దగ్గరదగ్గరగా ఉండడం) కావాలని మన శాస్త్రకారులు చెప్పారు. వాటిలో ఆకాంక్షను, అంటే ఒక మాట వినగానే తరువాతి మాట కోసం కలిగే ఎదురుచూపును, పేరాకూ వర్తింపజేసుకోవచ్చు. ఏడు చేపల కథ నడిచేది దానిమీదే. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు. అలా అడుగుతూ పోతే చీమ పుట్ట దగ్గర తేలుతాం. మీరు రాసిన పేరాలో ప్రతి వాక్యం పక్కనా అది ఏ ప్రశ్నకు జవాబో పెన్సిలుతో రాయండి. ప్రశ్న దొరకని వాక్యాన్ని తీసేయండి, లేదా దాని ప్రశ్న పుట్టే చోటికి జరపండి.

వరుస కుదిరాకే ముడుల సంగతి. హాలిడే, హసన్ అనే భాషాశాస్త్రవేత్తలు 1976లో వీటిని అయిదు రకాలుగా విభజించారు గాని, అది ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసిన విభజన. తెలుగులో ఈ పని చాలావరకు అసమాపక క్రియలు, అంటే 'లేచి', 'చేసి' లాగా వాక్యాన్ని ముగించని క్రియలు, చేస్తాయి. "లేచి, స్నానం చేసి, బయలుదేరాడు" అన్నప్పుడు కర్త ఒక్కడే అని పాఠకుడు అనుకుంటాడు. "నేను బస్సు దిగి వర్షం మొదలైంది" అంటే ఆ అంచనా దెబ్బతింటుంది; అక్కడ "దిగేసరికి" అనాలి. "వర్షాలు కురిసి పంటలు పండాయి" అన్నది మాత్రం కర్తలు వేరైనా చెల్లుతుంది, ఎందుకంటే మొదటి పని రెండోదానికి కారణం.

సర్వనామాలతో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. "రమ సీతకు తన పుస్తకం ఇచ్చింది. ఆమె దాన్ని పోగొట్టింది" అన్నప్పుడు 'తన' రమదేనని తెలుస్తుంది, 'ఆమె' ఎవరో తెలియదు, పేరు మళ్ళీ రాయడానికి మొహమాటపడకూడదు. ఒకే మనిషిని పేరా మొదట 'ఆయన' అని, మధ్యలో 'అతను' అని అంటే మరో మనిషి వచ్చాడేమోనన్న భ్రమ కలుగుతుంది.

'కాబట్టి', 'పైగా', 'అయినప్పటికీ' వంటివి వాక్యాల మధ్య సంబంధం ఇంకోలా అర్థమయ్యే ప్రమాదం ఉన్నచోటనే వాడాలి. పత్రికల్లో తరచు కనిపించే 'ఇదిలా ఉండగా', 'కాగా' అన్నవి నా దృష్టిలో ముడులే కావు, సంబంధం లేదని మర్యాదగా ఒప్పుకోవడం.

మాట్లాడేటప్పుడు లెక్క మారుతుంది. వినేవారు వెనక్కి తిప్పి చూసుకోలేరు కనుక కథ చెప్పేవారు వాక్యం చివరి క్రియను తరువాతి వాక్యం మొదట మళ్ళీ అందుకుంటారు: "అడవికి వెళ్ళాడు. వెళ్తే అక్కడ ఒక పులి కనబడింది. కనబడేసరికి చెట్టెక్కాడు." రాతలో విసుగు పుట్టించే ఈ పునరుక్తి ఉపన్యాసంలో ఎంతో అవసరం. దారి తప్పినప్పుడు 'ఇంతకీ' అని అసలు విషయానికి రావడం, కొత్త సంగతి ఎత్తుకునేటప్పుడు 'అన్నట్టు' అనడం కూడా మాటకే చెల్లుతాయి. ప్రసంగాన్ని రికార్డు చేసి వ్యాసంగా మార్చేవారు మొదట తొలగించవలసినవి ఇవే. అయితే వీటిని తీసేశాక రెండు వాక్యాల మధ్య ఖాళీ తేలితే, అక్కడ మాట్లాడినవారు చేతులతోనో గొంతుతోనో చెప్పిన సంగతి ఏమిటో గుర్తుచేసుకుని దాన్ని ఒక వాక్యంగా రాయాలి.