నాన్నగారి సక్షన్ గొట్టం, నేను మార్చిన పద్ధతి

పక్షవాతం తర్వాత నాన్నగారికి మింగడం కష్టమైంది. లాలాజలం గొంతులో పేరుకోకుండా ఇంట్లోనే సక్షన్ యంత్రం పెట్టుకున్నాం. అద్దెకు వచ్చిన ఆ యంత్రపు గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూస్తే లోపల పసుపుపచ్చని జిగురు పొర! నోట్లో పెట్టే గట్టి ప్లాస్టిక్ మొనను రోజంతా ఒకే గ్లాసు నీళ్లలో ఉంచమని తెచ్చినవాళ్లు చెప్పి వెళ్లారు. నాకు ఒళ్లు మండింది. నిల్వ నీళ్లలో లాలాజలం కలిస్తే క్రిములు పెరగవా? అవి నోటి నుంచి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. మింగలేని మనిషికి అది ప్రాణాల మీదికి తెస్తుంది.

కోఠిలోని సర్జికల్ దుకాణంలో కొత్త గొట్టం, విడివిడి ప్యాకెట్లలో వచ్చే యాంకౌర్ మొనలు (నోట్లో పెట్టే ఆ గట్టి ప్లాస్టిక్ మొనలే) కొన్నాను. ఇప్పుడు ఏ మొననూ 24 గంటలకు మించి వాడం. కింద పడితే అప్పుడే పారేస్తాం. వాడిన ప్రతిసారీ కొత్తగా పోసిన సెలైన్‌ను పీల్పించి గొట్టం కడుగుతాం, గిన్నెలో మిగిలింది పారబోస్తాం. మొనను శుభ్రమైన పొడి కవరులో పెట్టి యంత్రం పక్కన వేలాడదీస్తాం, దిండు కింద దూర్చం. యంత్రం లాగిన ద్రవం చేరే సీసా నాలుగింట మూడొంతులు నిండేలోపే ఖాళీ చేస్తాం. ద్రవం పైకి పొంగి ఫిల్టర్ తడిస్తే యంత్రం లాగడం మానేస్తుంది, అప్పుడు ఫిల్టరూ మార్చాల్సిందే.

సక్షన్ ఉంది కదా అని పళ్లు తోమడం ఆపలేదు. మెత్తని బ్రష్‌తో రెండు పూటలా తోముతున్నాం, తలవైపు మంచం ఎత్తి ఉంచుతున్నాం. ఊపిరి కోసం మెడలో రంధ్రం చేసి పెట్టే ట్రకియాస్టమీ గొట్టం ఉన్నవారికైతే నోటికి వాడిన మొనను అక్కడ అస్సలు పెట్టకూడదు, దానికి వేరే స్టెరైల్ క్యాథెటర్ (క్రిములు లేని సన్నని గొట్టం) ఉండాలి.