శీలావతి ఎర్ర కండతో మైటోకాండ్రియా శ్వాస కొలవడం

భీమవరం, ఆకివీడు వైపు ల్యాబులకు మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగాలు) పనికి శీలావతిని మించిన సరుకు లేదు. షరతల్లా చేప బతికి రావడమే. లారీకెక్కించడానికి ఐసులో సర్దిన చేప కూరకు తాజాదే, ఈ పనికి మాత్రం పాతదే. ప్రాణం పోయాక కణంలో కాల్షియం పెరుగుతుంది, కొవ్వుల్ని తెంచే ఎంజైములు లేస్తాయి, మైటోకాండ్రియా లోపలి పొర కారడం మొదలవుతుంది. కాబట్టి పట్టుబడి రోజున గాలి పెట్టిన డ్రమ్ములో తెచ్చుకోండి. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న పద్ధతిలో చంపి, వెంటనే కోయండి.

కాలేయం జోలికి పోవద్దు. ఈ జాతి చేపల్లో అది క్లోమంతో కలిసి పేగుల మధ్య పరుచుకుని ఉంటుంది. జీర్ణ ఎంజైములు వెంటే వస్తాయి. పైగా చేదుకట్టు చిట్లిందంటే పిత్త లవణాలు సబ్బులా పొరల్ని కరిగించేస్తాయి. తోలు ఒలిస్తే పక్క గీత వెంట కనిపించే ఎర్ర కండ చాలు, 4 గ్రాములు.

కండ నూరే ద్రావణం: పొటాషియం క్లోరైడ్ 140, హెపెస్ (పీహెచ్ నిలిపేది) 20, ఈడీటీఏ 10, మెగ్నీషియం క్లోరైడ్ 5 మిల్లీమోలార్, కొవ్వు ఆమ్లాలు తీసేసిన బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్) 0.5 శాతం, పీహెచ్ 7.3. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టుకుంటుంది, బీఎస్ఏ విడి కొవ్వు ఆమ్లాల్ని పీల్చుకుంటుంది. బోరు నీళ్లు వద్దు, డెల్టాలో చాలాచోట్ల ఉప్పు తేలుతుంది. రెండుసార్లు డిస్టిల్ చేసినవే వాడండి.

కండను ఐసు మీద కత్తెరతో సన్నగా తరిగి, 40 మి.లీ. ద్రావణంలో, టెఫ్లాన్ రోకలి ఉన్న గాజు హోమోజినైజర్‌లో 5, 6 సార్లు మెల్లగా నూరండి. నురగ వచ్చిందంటే వేగం ఎక్కువైనట్టు. సెంట్రిఫ్యూజ్‌లో 1400 జి (భూమి గురుత్వానికి 1400 రెట్లు) వద్ద 5 నిమిషాలు తిప్పి పైతేట తీసుకోండి, దాన్ని 9000 జి వద్ద 10 నిమిషాలు తిప్పండి. ఈసారి అడుగున చేరే ముద్దే మైటోకాండ్రియా, దాన్ని అదే ద్రావణంతో కడగండి. అంతా 4 డిగ్రీల్లోనే. జి వేరు, ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) వేరు: 10 సెం.మీ. వ్యాసార్థం ఉన్న రోటార్‌లో 1400 జి కావాలంటే దాదాపు 3540 ఆర్పీఎం పెట్టాలి. మీటర్ మీద 1400 అని కొడితే వచ్చేది 220 జి కూడా కాదు, కండ ముక్కలు పూర్తిగా అడుగుకు దిగవు. చివరి కడుగు బీఎస్ఏ లేకుండా చేయండి. లేకపోతే ప్రొటీన్ కొలతలో బీఎస్ఏ కూడా కలిసి, రేటు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

కొలత చాంబర్ వేడిని నిలిపే వాటర్ బాత్ విషయంలో ఓ మాట. వేడి చేయడమే తప్ప చల్లబరచలేని బాత్‌తో మే నెలలో 25 డిగ్రీలు నిలబెట్టడం కల్ల. ఏసీ గదిలో 30 పెట్టుకోండి, మన చెరువు చేపకు అది అలవాటైన వేడే. చాంబర్‌లోని ఆక్సిజన్ ఎలక్ట్రోడ్‌ను సరిచూడటానికి: 30 డిగ్రీల వద్ద గాలితో నిండిన మంచినీటిలో ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మి.గ్రా., అంటే 236 మైక్రోమోలార్. ఉప్పు ద్రావణంలో ఇంకాస్త తక్కువ. సున్నాకు చిటికెడు సోడియం డైథయొనైట్ (ఆక్సిజన్‌ను తినేసేది) వేసి, ఆ తర్వాత చాంబర్‌ను బాగా కడగండి.

ఇప్పుడు కొలత. 1 మి.లీ. చాంబర్‌లో కొలత ద్రావణం (పొటాషియం క్లోరైడ్ 140, హెపెస్ 20, ఫాస్ఫేట్ 5 మిల్లీమోలార్, బీఎస్ఏ 0.5 శాతం), 0.4 మి.గ్రా. మైటోకాండ్రియా ప్రొటీన్ వేసి బుడగ లేకుండా మూయండి. ఇంధనంగా పైరువేట్ 5, మాలేట్ 1 మిల్లీమోలార్ అయ్యేలా ఎక్కించండి. ఆక్సిజన్ గీత నెమ్మదిగా దిగుతుంటే 20 మిల్లీమోలార్ ఏడీపీ (మైటోకాండ్రియా ఏటీపీ అనే శక్తి అణువుగా మార్చే ముడిసరుకు) 10 మైక్రోలీటర్లు ఎక్కించండి. గీత నిటారుగా పడుతుంది, ఇది స్టేట్ 3. ఏడీపీ అయిపోగానే వాలు తగ్గుతుంది, అది స్టేట్ 4. మొదటి రేటును రెండోదానితో భాగిస్తే వచ్చేది ఆర్‌సీఆర్ (శ్వాస నియంత్రణ నిష్పత్తి). 5 దాటని తయారీని పారబోయడమే నయం. లెక్క సరిచూసుకోవడానికి: 200 నానోమోల్ ఏడీపీకి 40 నానోమోల్ ఆక్సిజన్ అటూఇటూగా ఖర్చు కావాలి. 60 అయిందంటే ఆక్సిజన్ ఖర్చుకూ ఏటీపీ తయారీకీ మధ్య జోడింపు సడలినట్టు, లేదా ఏడీపీ స్టాక్ అనుకున్నదానికన్నా చిక్కగా ఉన్నట్టు.

స్టేట్ 4 ఎక్కువగా ఉంటే ఒలిగోమైసిన్ (ఏటీపీ తయారీని ఆపే మందు) వేసి చూడండి. రేటు పడిపోతే పొర బాగానే ఉంది, కండలోంచి వచ్చిన ఏటీపీఏజ్ ఎంజైము ఏటీపీని మళ్లీ ఏడీపీ చేస్తోంది, ఇంకోసారి కడగాలి. పడకపోతే పొరే కారుతోంది, కోత దగ్గర ఆలస్యమైంది. ఇక స్టేట్ 3యే తక్కువైతే, అది నడుస్తుండగా 10 మైక్రోమోలార్ సైటోక్రోమ్ సి (బయటి పొర చిరిగితే జారిపోయే ప్రొటీన్) వేయండి. రేటు పెరిగిందంటే బయటి పొర చిరిగింది, నూరడం మోటైంది. గీత పైకి ఎగబాకుతుంటే మాత్రం దోషం మైటోకాండ్రియాది కాదు. బుడగో, ఎలక్ట్రోడ్ మీద ముడతపడ్డ టెఫ్లాన్ పొరో చూసుకోండి.

ఒలిగోమైసిన్, యాంటీమైసిన్ లాంటి శ్వాసను అడ్డుకునే మందులు నీటితో పోవు, గోడలకూ మూతకూ అంటుకుంటాయి. ప్రతి రన్ తర్వాత 70 శాతం ఎథనాల్‌తో మూడుసార్లు, నీటితో మూడుసార్లు కడగండి. సిరంజిలు కూడా అంతే, ఒక్కో మందుకు ఒక్కోటి విడిగా పెట్టుకోండి.